లింగయ్య చెలకలో మంద

“గొళ్లెం ఎవలు తీసిండ్రు?”

పరమేష్ ఆ మాట అడగడం అది నాలుగోసారి. మొదటి మూడుసార్లు ఇల్లంతా తిరుగుతూ అడిగాడు. ఈసారి వాకిట్లో నిలబడి, తల్లి ముఖంలోకీ పెళ్లాం ముఖంలోకీ మార్చి మార్చి చూస్తూ అడిగాడు.

లక్ష్మీనర్సమ్మ అరుగు మీద కూర్చుని కొంగును వేలికి చుట్టుకుంటోంది, మళ్లీ విప్పుతోంది. మంజులత గోడ వైపు చూస్తోంది. గోడకున్న మేకు ఖాళీగా ఉంది. పొద్దున దానికి మామ గొంగడి వేలాడుతూ ఉంది, కింద మూలకు కర్ర ఆనించి ఉంది. ఇప్పుడు రెండూ లేవు. గొంగడి భుజాన వేసుకుని వెళ్లిన మనిషి గల్లీ చివరిదాకా వెళ్లి తిరిగి రావడానికి వెళ్లలేదు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే అర్థమవుతోంది.

మామ గుర్వయ్యకు డెబ్బై నాలుగేళ్లు. యాభై ఏళ్లు గొర్ల మంద వెనక నడిచిన మనిషి. మూడేళ్లుగా ఆయన మతి కొంచెం కొంచెంగా ఖాళీ అవుతూ వస్తోంది. ముందు మనుషుల పేర్లు పోయాయి. తర్వాత తిన్నామో లేదో అన్న గుర్తు పోయింది. మొన్నటి వానాకాలంలో భార్య ముఖం కూడా పోయింది. పోనిది ఒక్క నడకే. ఇంట్లో వాళ్లకు అసలు చిక్కంతా ఆ నడకతోనే.

“మూడింటికి పండుకున్నడంటిరి. నాలుగింటికి లేడంటిరి. నడుమ తలుపు దానంతటదే తెర్సుకున్నదా?”

“నేనే తీసిన,” అంది లక్ష్మీనర్సమ్మ.

మంజులత చటుక్కున అత్త వైపు చూసింది. లక్ష్మీనర్సమ్మ ఆమె వైపు చూడలేదు.

“బట్టలు ఆరేసెతందుకు బయటికొచ్చిన. మల్ల గొళ్లెం పెట్టుడు మర్శిన.”

“మర్శినవా?” పరమేష్ గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తేనే ఆ ఇంట్లో భయం. “ఇంట్ల మర్సేటోళ్లు ఒక్కరు సాలరా అమ్మా మనకు?”



గొళ్లెం తీసింది లక్ష్మీనర్సమ్మ కాదు. మూడింటికి రేషన్ దుకాణానికి బయలుదేరుతూ, మామ నెమ్మదిగా పడుకున్నాడు కదా, ఈ పూట గొళ్లెం ఎందుకులే అనుకుని వదిలేసింది మంజులత. ఆ మాట ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే సోమవారం సంగతి చెప్పాలి.

మతిమరుపు జబ్బు మనుషులను ఎట్లా చూసుకోవాలో నేర్పడానికి భువనగిరిలో పెట్టిన ఆరు రోజుల శిక్షణకు వెళ్తోంది మంజులత. పొద్దున బస్సెక్కి, మధ్యాహ్నానికి తిరిగి వస్తోంది. మొదటి రోజే, ఆ జబ్బు మనిషికి లోకం ఎట్లా ఉంటుందో తెలియాలని, పాఠం చెప్పే నిహారిక మేడం అందరికీ బూట్లిచ్చి వాటిలో తలా గుప్పెడు శనగలు పోసింది. చేతులకు ఉన్ని తొడుగులు తొడిగింది. కళ్లకు మసక అద్దాలు పెట్టి, చెవుల్లో బస్టాండు రొద వినిపిస్తూ, “ఇగ ఈ అంగీకి గుండీలు పెట్టుండ్రి” అంది. మంజులత ఒక్క గుండీ పెట్టలేకపోయింది. వెనక నుంచి ఎవరో “ఇంకెంతసేపు, జల్ది” అని కసిరారు. ఎవరు కసిరారో కనిపించలేదు, చెయ్యి మాత్రం లాగారు. ఆమెకు ఏడుపొచ్చింది. అద్దాలు తీశాక కిటికీలోంచి కోటగుట్ట మామూలుగానే కనిపించింది గాని, ఆమెకు మాత్రం మామను లోపల ఉంచి తన ఇంటి తలుపుకు వేసే తాళం కనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొగుడితో పోట్లాడింది. పరమేష్ చెడ్డవాడు కాదు. రెండు నెలల కిందట తండ్రి ఆలేరు స్టేషన్‌లో ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఉంటే, రైలొచ్చే ముందు అంగీ పట్టుకుని వెనక్కి లాగింది అతనే. ఆ రాత్రే తాళం కొనుక్కొచ్చాడు. కాబట్టి తాళం ఒక్కసారిగా ఊడలేదు, చాలా మాటల తర్వాత ఊడింది. “వారం సూస్త. గొళ్లెం మీదనే ఉండాలె. వారంల ఏమన్న అయిందనుకో, తాళం పడ్తది. మల్ల ఇంట్ల ఆ ట్రైనింగ్ మాట ఎత్తద్దు” అన్నాడు పరమేష్.

ఇవాళ శుక్రవారం. ఐదో రోజు.

పరమేష్ కిటికీ గూట్లో చెయ్యి పెట్టి ఆ పాత తాళం తీశాడు. జేబులో వేసుకున్నాడు.

“నేను స్టేషన్ దిక్కు పోత. మీరు ఊర్లె సూడుండ్రి. పొద్దుగూకేలోపు దొరకకపోతే పోలీసులకు చెప్పుడే.”

దొరికితే ఏమిటన్నది అతను చెప్పలేదు. జేబు బరువుగా కిందికి వేలాడుతుంటే బండి ఎక్కి వెళ్లిపోయాడు.

*

గల్లీలో ఎవరినడిగినా చూడలేదన్నారు. చివరింట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న నర్సింగమ్మ మాత్రం, “గొంగడి ఏసుకొని పోతుంటే సూసిన. ఏడికి బావా అంటే, పనున్నదని పోయిండు. మనిషి మంచిగనే ఉన్నడు గదా అనుకున్న” అంది.

అత్తా కోడళ్లు నడుస్తున్నారు. లక్ష్మీనర్సమ్మ మోకాళ్ల నొప్పితో కుంటుతోంది.

“అత్తమ్మా, గొళ్లెం నువ్వు తీసిన్నని ఎందుకు చెప్పినవ్?”

“నడువు.”

“తీసింది నేను.”

“నాకెర్కలేదా? నన్ను తిడితే తిట్టి ఊకుంటడు. నిన్ను తిడితే తాళం పడ్తది.” లక్ష్మీనర్సమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. “తాళం ఏసినన్ని దినాలు లోపటి నుంచి తలుపు కొడుతుండె. తీయమ్మా, తీయమ్మా అని నన్నే బతిమాలుతుండె. నేనెవలో ఎర్కలేకనే బతిమాలుతుండె. నాకు ఆ సప్పుడు మల్ల వద్దు బిడ్డా.”

కాపురానికొచ్చిన ఆరేళ్లలో అత్త మంజులతతో ఇంత మాట్లాడింది లేదు.

మంజులత ఫోను తీసి నిహారికకు కలిపింది. నిహారికది నల్లగొండ. ఇరవై ఏళ్లు దవాఖానలో నర్సుగా చేసి, ఇప్పుడు ఊరూరా తిరిగి ఈ పాఠాలు చెబుతోంది. రెండో రింగుకే ఎత్తింది.

“మేడం, మా మామ కనపడ్తలేడు. గంటన్నరయింది.”

“ఏడువకు. నడుసుకుంటనే మాట్లాడు. ఒంటి మీద ఏమున్నది? ఏమన్న తీస్కపోయిండా?”

“గొంగడి, కర్ర.”

“అంటే పనికి పోయిండు. ఏడికి పోయిండని దేవులాడకు మంజులా. ఏం పని మీద పోయిండో అది చూడు. పోయేముందు ఏమన్నడు? నువ్వేమన్నవ్?”

మంజులత పక్కకు చూసింది. అత్త రెండడుగుల దూరంలోనే ఉంది. ఫోను పాడై చెవి దగ్గర వినపడదు, స్పీకరు పెట్టాల్సిందే. దాచుకునే వీలు లేదు.

“జీవాలేవి, నా గొర్లేవి అన్నడు మేడం. నేను మధ్యాహ్నం ఇంటికొచ్చిన సంది పదిసార్లు అడిగిండు. అమ్మినమని చెప్తే ప్రతిసారి అప్పుడే విన్నట్టు ఏడుస్తడు గదా. మీరు చెప్పిండ్రు, కాదనొద్దని, ఆయన లోకంలకే పోయి మాట్లాడాలని. అందుకే... లింగయ్య చెలకల మంద పెట్టిండ్రు మామా, అన్ని మంచిగున్నయ్ అని చెప్పిన. ఆయన మొఖం తేటగయింది. పోయి పండుకున్నడు.”

ఐదు రోజుల పాఠాలకే మంజులతకు కాస్త గర్వం తలకెక్కిన మాట నిజం, దాచడమెందుకు. ఆ ముఖం తేట కావడం చూసి, నేర్చుకున్నది పనిచేసిందని మురిసిపోతూనే ఆమె రేషన్ దుకాణానికి వెళ్లింది. ఈ సంగతి రేపు అందరి ముందూ చెప్పాలని దారిలో మాటలు కూడా పేర్చుకుంది.



“కాదనొద్దన్న. కథ అల్లుమనలె,” అంది నిహారిక. “జీవాలేవి అని ఎందుకడుగుతున్నడు, ఆ మనసుల ఏం ఫికరున్నది, అది అడగాలె. అది రేపటి పాఠం. మొదటి దినమే చెప్పాల్సిన ముచ్చట, నా తప్పు కూడ ఉన్నది. సరే, ఇప్పుడు చెప్పు. మంద చెలకల ఉంటే మీ ఇండ్లల్ల మనుషులు ఏం జేస్తరు?”

మంజులతకు తెలియదు. ఆమె తండ్రికి భువనగిరి బస్టాండు పక్కన చాయ్ హోటలు. గొర్రెలను ఆమె బస్సు కిటికీలోంచి, రోడ్డుకు అడ్డం వచ్చినప్పుడు చూసిందంతే. ఆమె మెట్టినింటికి వచ్చేసరికి మంద సగమైంది, రెండేళ్లకు మొత్తం పోయింది.

జవాబు కోసం అత్త వైపు తిరిగింది. లక్ష్మీనర్సమ్మ రోడ్డు మధ్యలో నిలబడిపోయి ఉంది.

“లింగయ్య చెలకల మంద ఉన్నదని చెప్పినవా?”

“చెప్పిన అత్తమ్మా.”

“మంద చెలకల ఉంటే మందగాడు ఇంట్ల ఎట్ల పంటడే?” ఆమె పొద్దు దిక్కు చూసింది. “పొద్దుగూకేలోపు పోవాలె. నక్కలొస్తయి, తోడేండ్లొస్తయి, మనుషులే ఎత్కపోతరు. మంద కాడ మనిషి లేని రాత్రి ఒక్కటి గూడ ఉండది. పెండ్లయిన మూడోనాడు, చేతి కంకణం ఇప్పకముందే నన్నిడిసి మంద కాడికి పోయిండు. నువ్వు జెప్పింది ఇన్నంక ఆయన పండుకుంటడా? నువ్వు ఎప్పుడు పోతవా అని సూసి ఉంటడు.”

ఎరువు కోసం రైతులు తమ మెట్ట చెలకల్లో రాత్రిళ్లు మందను పడుకోబెట్టించుకుంటారని మంజులతకు తెలుసు. కాని ఆ మంద పక్కన గొంగడి పరుచుకుని ఒక మనిషి పడుకుంటాడని, ఆ మనిషి తన మామే అని, ఆ ఒక్క ముక్క ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఓదార్పు అనుకుని చెప్పింది ఆయనకు పిలుపైంది.

“లింగయ్య చెలక ఏడుంటది అత్తమ్మా?”

లక్ష్మీనర్సమ్మ చెయ్యెత్తి చూపించింది. తుమ్మచెట్ల అవతల, ఎత్తుగా కట్టిన మట్టి మీద రైలు పట్టాలు మెరుస్తున్నాయి. చెలక వాటికి అవతల ఉంది.

“నువ్వురుకు. నా మోకాళ్లు రావు. ఎన్కనే వస్త.”

ఫోనులో నిహారిక ఇంకా మాట్లాడుతూనే ఉంది. “మంజులా, విను. కనపడంగనే కేకెయ్యకు. ఎన్కకెళ్లి పోకు, ముంగటికి పో. చెయ్యి గుంజకు. నన్ను గుర్తువడ్తవా అని అస్సలు అడగకు.”

*

రైలు కట్ట ఎక్కాక మంజులత మొదట చేయాల్సిన పని పట్టాల మీద చూడడం. దానికి ఆమెకు ధైర్యం చాలలేదు. కళ్లు మూసుకుని, అయ్యా, ఏమీ ఉండొద్దు, ఏమీ ఉండొద్దు అనుకుని, తర్వాత చూసింది. ఇటు ఏమీ లేదు. అటు ఏమీ లేదు. కంకర మీద ఎవరిదో పాత చెప్పు ఉంది. అది ఆయనది కాదని తెలిసినా వంగి చూసింది.

పట్టాలు దాటి అవతలికి దిగింది.

లింగయ్య చెలక ఇప్పుడు చెలక కాదు. కొడుకులు ఎప్పుడో అమ్మేశారు. కొన్నవాళ్లు ప్లాట్లు చేసి, మట్టి రోడ్లు గీసి, ప్లాటు ప్లాటుకూ మోకాలెత్తు రాళ్లు పాతి సున్నం వేశారు. ఇల్లు ఒక్కటీ లేవలేదు. గడ్డి మాత్రం బాగా లేచింది. సాయంత్రపు ఎండలో, ఆ గడ్డిలో, తెల్లటి రాళ్లు వరసలు వరసలుగా కనిపిస్తున్నాయి.

వాటి మధ్య గుర్వయ్య ఉన్నాడు.

ఆయన ఒక్కో రాయి మీదా కర్ర కొనతో మెల్లగా తాకుతూ నడుస్తున్నాడు. జతలు జతలుగా లెక్కపెడుతున్నాడు. వేళ్లు వణకడం లేదు. ఇంట్లో కంచంలో బువ్వ కలుపుకోవడానికి తడబడే మనిషి ఇక్కడ తడబడడం లేదు.

మంజులతకు పరుగెత్తుకెళ్లి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. మేడం మాట గుర్తొచ్చి ఆగింది. గడ్డిలో దూరంగా చుట్టూ తిరిగి, ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఎన్ని జతలయినయ్ మామా?”

గుర్వయ్య ఆమెను చూశాడు. ఎవరో ఏమిటో అడగలేదు.

“ఒకటి తక్కువున్నది. ముప్పై జతలకు ఒకటి తక్కువ. కట్ట దిక్కు పోయినట్టున్నది.”

ఆయన రైలు కట్ట వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే కాజీపేట వైపు నుంచి కూత వినిపించింది. దూరంగానే, కాని అంత దూరం కూడా కాదు. గుర్వయ్య గొంగడి సర్దుకుని ఆ కూత వైపే అడుగులు వేశాడు.

దొరికింది మామా, ఇంటికొచ్చింది అని చెప్పడానికి మంజులత నోరు తెరిచింది. చెప్పలేదు. మధ్యాహ్నం అల్లిన కథ ఒకటి ఈయన్ని ఇక్కడిదాకా తెచ్చింది.

“నాకు కనపడలె మామా,” అంది. “ఫికరయితాందా?”

గుర్వయ్య ఆగాడు. చాలా రోజులుగా ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. “కాదా మరి? నా భరోస మీద ఇడిసిండ్రు.”

“ఇద్దరం సూద్దాం. ముందు ఈ దిక్కు సూద్దాం, ఇటు గడ్డి ఎక్కువున్నది.”

కట్టకు వ్యతిరేక దిక్కుకు ఆమె నడిచింది. వెనక్కి తిరిగి చూడకుండా నడవడం ఎంత కష్టమో ఆ ఇరవై అడుగుల్లో ఆమెకు తెలిసొచ్చింది. ఆయన వస్తున్నాడా, పట్టాల మీదికి వెళ్తున్నాడా? కూత దగ్గరపడుతోంది. వెనక గడ్డి కదిలింది. కర్ర నేలకు తగిలిన చప్పుడైంది. వస్తున్నాడు.

లెక్కకు తగ్గిన రాయి నాలుగో వరస చివర పడిపోయి ఉంది. తెల్ల ముఖం నేలకు, మట్టి ముఖం పైకి. మంజులత వంగి రెండు చేతులతో లేపింది. రాదు. గోరు విరిగింది. మళ్లీ లేపింది. మోకాలు ఆనించి, పళ్లు బిగించి, దాని గుంతలోనే నిలబెట్టి చుట్టూ మట్టి తొక్కింది.

గుర్వయ్య వచ్చి దాని తల మీద చెయ్యి పెట్టాడు.

“ఇగో. ఈడున్నది ముండది,” అన్నాడు ముద్దుగా.

అప్పుడొచ్చింది రైలు. నేల అదిరింది. గుర్వయ్య ఒక్కసారిగా కట్ట వైపు తిరిగి, గొంగడి రెండు చేతులా చాపి, రాళ్లకూ రైలుకూ మధ్య అడ్డం నిలబడ్డాడు. “ఏం గాదు, ఏం గాదు, బెదరకుండ్రి,” అంటూ చివరి పెట్టె దాటేదాకా అట్లాగే నిలబడ్డాడు. మంజులత ఆయన పక్కనే కూలబడి ఏడ్చింది. భయం పోయినందుకు ఏడ్చిందో, ఈ మనిషిని గదిలో పెట్టి తాళం వేసినందుకు ఏడ్చిందో, రెంటికీ ఏడ్చింది.

పొద్దు గూకుతోంది. ఆయన మాత్రం గొంగడి పరిచే జాగా వెతుకుతున్నాడు.

“ఇంటికి పోదాం మామా. తినలె గదా నువ్వు.”

“మంద కాడ ఎవలుంటరు?”

మంజులత ఆకాశం వైపు చూసింది. ఇంకో అరగంటలో చీకటి. చలి మొదలైంది. ఇదీ కథేనని ఆమెకు తెలుసు. కాని నిజం చెబితే ఆయన ఇక్కడే కుప్పకూలి ఏడుస్తాడు. ఊరుకుంటే ఇక్కడే పడుకుంటాడు.

“నేనుంట. నువ్వు పోయి తిని రా.”

గుర్వయ్య ఆమెను తలనుంచి కాళ్లదాకా చూశాడు. “లెక్కవెట్టు.”

వాళ్లింటి పద్ధతి అది. మంద చేతులు మారేటప్పుడు వచ్చినవాడు తన కళ్లతో లెక్కపెట్టి, తన నోటితో ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక గొర్రెపిల్ల పోయినా ఆ మాట ఇచ్చినవాడిదే భారం. మంజులత వరస వరసకూ తిరిగి ముప్పై జతలు లెక్కపెట్టింది. ఆయన వెనకే నడిచి విన్నాడు.

“ఒప్పుకున్న అను.”

“ఒప్పుకున్న.”

గుర్వయ్య తన భుజాన్నుంచి గొంగడి తీసి ఆమె భుజాన వేశాడు. పొగ వాసన, ఉన్ని వాసన, ముసలి ఒంటి వాసన ఆమె మీద పడ్డాయి.

“నేనొచ్చేదాక కదలకు బిడ్డా.”

“కదల.”

లక్ష్మీనర్సమ్మ కుంటుతూ కట్ట దిగి వచ్చింది. భర్తను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. గుర్వయ్య “ఎవలమ్మా?” అన్నాడు. “బువ్వకు తీస్కపోనీకె వచ్చిన,” అంది ఆమె. ఆయన చెయ్యందించాడు, ఆమె పట్టుకుంది. పట్టాల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, ఇద్దరూ దాటారు. మధ్యలో ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. మంజులత గొంగడి కప్పుకుని రాళ్ల మధ్య నిలబడి ఉంది. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

వాళ్లు తుమ్మచెట్లు దాటేదాకా ఆగి, అప్పుడు ఆమె కదిలింది.

*

పెరటి దారిన వెళ్లి, గొంగడి కొట్టంలో దాచి, ఆయన తిని పడుకున్నాక ఇంట్లోకి రావాలని ఆమె లెక్క. తిని పడుకుంటే ఇవాళ్టి మంద రేపటికి గుర్తుండదు. రేపు పాఠానికి వెళ్లి మేడంను మిగతాది అడగాలి.

గోడ పక్కకు వచ్చేసరికి స్టేషన్ నుంచి తిరిగొచ్చిన పరమేష్ గొంతు వినిపించింది. తగ్గించిన గొంతు.

“రేపటి సంది బాపు దగ్గర నువ్వుండకు అమ్మా. నీతోని కాదు.”

లోపల కంచం పెట్టిన చప్పుడైంది.

“మొన్న పొయ్యి మీద పాలు మర్శినవ్. ఇయ్యాల గొళ్లెం. నీకు సుత మతి పోతాంది. బాపుకు గూడ గిట్లనే షురువయింది, నాకు యాదికుంది. నిన్ను గూడ దవాఖానల సూపియ్యాలె.”

లక్ష్మీనర్సమ్మ గొంతు వచ్చింది. “పోతాందా కొడుకా? నిజంగనేనా?”

ఆ అడగడంలో నటన లేదు. తాళం పడకూడదని ఒక అబద్ధాన్ని తన మీద వేసుకున్న మనిషి, ఇప్పుడు ఆ అబద్ధాన్నే నమ్మడం మొదలుపెట్టింది. రేపటినుంచి ప్రతి చిన్న మరుపుకూ ఆమె తనను తానే తడుముకుంటుంది. తలుపు కొట్టే చప్పుడుకు ఇప్పటికే సగం చచ్చిన మనిషి. ఇక ఊరుకోవడం మంజులత వల్ల కాలేదు. గొంగడి సంగతి మరిచిపోయింది. వాకిలి దాటి నేరుగా లోపలికి వెళ్లింది.

“గొళ్లెం తీసింది అత్తమ్మ కాదు. నేను. అత్తమ్మ మతి మంచిగనే ఉన్నది.”

పరమేష్ తిరిగి చూశాడు.

“చెలకల మంద ఉన్నదని మామకు చెప్పింది గూడ నేనే. నా మాట వినే పట్టాలు దాటి పోయిండు. తిడితే నన్ను తిట్టు.”

పరమేష్ తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆమెకు అనిపించింది. జేబులోంచి తాళం తీసి, దాని చెవి తిప్పి, పనిచేస్తోందో లేదో చూసుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ కొడుకు చేతి వైపే చూస్తోంది.

“బిడ్డా.”

ఆ పిలుపు మూలనుంచి వచ్చింది. గుర్వయ్య పీట మీద కూర్చుని బువ్వ తింటున్నాడు. ముద్ద చేతిలోనే ఆగిపోయి ఉంది. ఆయన మంజులత భుజం మీదున్న గొంగడిని చూస్తున్నాడు.

“నువ్వీడున్నవ్,” అన్నాడు. “మరి మంద కాడ ఎవలున్నరు?”

పేర్లు పోయి, ముఖాలు పోయి, తిన్నది లేనిది కూడా పోయిన ఆ మతిలో, ఆమె ఇచ్చిన మాట ఒక్కటీ ఇంకా పోలేదు.

“ఒప్పుకుంటివి గదా బిడ్డా. నీ మాట మీదనే ఇంటికొచ్చిన.”

ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు. గోడ పట్టుకుని లేచి, కర్ర కోసం చెయ్యి చాచాడు. పరమేష్ తలుపుకు అడ్డం వచ్చాడు. తండ్రీ కొడుకులు ఎదురెదురుగా నిలబడ్డారు. కొడుకును ఎవరో దొంగను చూసినట్టు చూస్తూ గుర్వయ్య కర్ర పైకెత్తాడు.

“కూసో మామా,” అంది మంజులత. “తప్పయింది. నేనే పోత. నువ్వు తిను.”

కర్ర దిగింది. ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, మళ్లీ పీట మీద కూర్చున్నాడు. గడప దాటేదాకా ఆ చూపు తన వీపు మీద ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అందుకే గల్లీలో ఆగలేదు, గోడ చాటుకు తప్పుకోలేదు. గొంగడి దగ్గరికి లాక్కుని రైలు కట్ట వైపు నడిచింది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక తలుపు మూసుకుంది. ఆ వెంటనే తాళం పడిన చప్పుడు వినిపించింది. అది మామను లోపల ఉంచడానికి పరమేష్ వేశాడో, తనను బయట ఉంచడానికి వేశాడో మంజులతకు తెలియలేదు.